నోలన్ తొలి సినిమా ‘ఫాలోయింగ్’: 6 వేల డాలర్లతో క్రైమ్ థ్రిల్లర్ ఎలా తీశారు? ఆ అంకెలో లేని ఖర్చేంటి?

2024 మార్చి 10, లాస్ ఏంజెలెస్. 96వ ఆస్కార్ వేడుకలో ‘ఓపెన్‌హైమర్’కు ఏడు అవార్డులు వచ్చాయి. ఉత్తమ దర్శకుడిగా క్రిస్టోఫర్ నోలన్ తొలిసారి ఆస్కార్ అందుకున్నారు. ఉత్తమ చిత్రం అవార్డు తీసుకున్న నిర్మాతల్లో ఆయన భార్య ఎమ్మా థామస్ కూడా ఉన్నారు. ఆ సినిమా బడ్జెట్ దాదాపు 10 కోట్ల డాలర్లు.

ఇదే జంట పాతికేళ్ల కిందట లండన్‌లో తీసిన తొలి ఫీచర్ ఫిల్మ్ పేరు ‘ఫాలోయింగ్’. దాని బడ్జెట్ ఎంతో తెలుసా? సుమారు 6 వేల డాలర్లు. 1998 నాటి మారకం రేటులో మన లెక్కన దాదాపు రెండున్నర లక్షల రూపాయలు!

ఈ అంకె సోషల్ మీడియాలో తరచూ తిరుగుతూనే ఉంటుంది. ‘డబ్బుల్లేవని కూర్చోకు, నోలన్‌ను చూడు’ అనే టైపు వీడియోలకు కొదవలేదు. కానీ ఆ 6 వేలు దేనికి ఖర్చయ్యాయి, ఏ ఖర్చులు అందులో అసలు లేవు అన్నది మాత్రం ఆ వీడియోల్లో కనిపించదు. షార్ట్ ఫిల్మ్ తీసి, తర్వాతి మెట్టు ఎక్కాలని చూస్తున్నవాళ్లకు పనికొచ్చేది ఆ రెండో సగమే.

ఇంతకీ కథేంటి?

(క్లైమాక్స్ చెప్పడం లేదు.. నిశ్చింతగా చదవొచ్చు.)

లండన్‌లో ఓ కుర్రాడు. ఉద్యోగం లేదు, రచయిత కావాలని కోరిక. కథల కోసం పాత్రలు దొరుకుతాయని రోడ్డు మీద కనిపించిన అపరిచితుల వెంట నడుస్తుంటాడు. వాళ్లు ఎక్కడికి వెళ్తారు, ఏం చేస్తారు అని చూడటం. అంతే, వేరే ఉద్దేశం లేదు. ఇది వ్యసనంగా మారుతోందని తెలిసి తనకు తనే కొన్ని రూల్స్ పెట్టుకుంటాడు. ఒకే మనిషిని రెండోసారి ఫాలో కాకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. ఆ రూలే తప్పుతాడు.

సూట్ వేసుకుని, చేతిలో బ్యాగుతో నీట్‌గా కనిపించే ఓ వ్యక్తి వెంట పడతాడు. ఓ కేఫ్‌లో కూర్చుని ఉండగా ఆ వ్యక్తే నేరుగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని, ఎందుకు నా వెనకాల తిరుగుతున్నావని నిలదీస్తాడు. అతని పేరు కాబ్. ఇళ్లలో దొంగతనాలు చేస్తాడు. కానీ డబ్బు, నగల మీద పెద్దగా ఆసక్తి ఉన్నట్టు కనిపించడు. మనుషులు దాచుకునే చిన్న చిన్న వస్తువులు తిరగేయడం, వాళ్ల వైన్ తాగడం, వాళ్ల జీవితంలో ఓ అనుమానం నాటి వెళ్లిపోవడం.. అతనికి కిక్ అక్కడుంది. కుర్రాడిని కూడా వెంట తీసుకెళ్లడం మొదలుపెడతాడు.

తర్వాత ఓ అమ్మాయి ఫ్లాట్, ఆమె వెనక ఓ క్లబ్ ఓనర్, ఓ లాకర్, ఓ సుత్తి. అక్కడి నుంచి కథ ఎటు తిరుగుతుందో సినిమాలోనే చూడాలి. మొత్తం నిడివి దాదాపు 70 నిమిషాలు. మన సినిమాల్లో ఇంటర్వెల్ పడే టైమ్‌కి ఇది అయిపోతుంది.

కుర్రాడిగా జెరెమీ థియోబాల్డ్, కాబ్‌గా అలెక్స్ హా, అమ్మాయిగా లూసీ రస్సెల్ చేశారు. కుర్రాడు తన కథంతా చెప్పుకునేది ఓ పోలీస్ అధికారికి. ఆ పాత్ర వేసిన జాన్ నోలన్ స్వయానా దర్శకుడి బాబాయ్.

దొంగలు పడ్డ ఇల్లు

నోలన్ సినిమా స్కూల్లో చదవలేదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. ఎమ్మా పరిచయమైంది కూడా అక్కడే. ఇద్దరూ కలిసి కాలేజీ ఫిల్మ్ సొసైటీ నడిపారు. ఆ సొసైటీ పద్ధతి బాగుంటుంది. ఏడాదంతా పెద్ద సినిమాలు ప్రదర్శించడం, టికెట్ల మీద వచ్చిన డబ్బుతో సెలవుల్లో 16 ఎంఎం షార్ట్ ఫిల్మ్‌లు తీసుకోవడం. కెమెరా పట్టుకోవడం, ఎడిటింగ్, సౌండ్.. అన్నీ అలా చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నవే. చదువయ్యాక కార్పొరేట్, ట్రైనింగ్ వీడియోలు తీస్తూ బతికారు.

‘ఫాలోయింగ్’ ఐడియా వెనక ఓ నిజమైన దొంగతనం ఉంది. లండన్‌లో నోలన్ ఉంటున్న ఫ్లాట్ తలుపు పగలగొట్టి ఎవరో దోచుకుపోయారు. పోయిన వస్తువుల కన్నా ఆయన్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తలుపు. ఓ పలచటి చెక్క. గట్టిగా తంతే ఊడిపోతుంది. ఇన్నాళ్లూ జనాన్ని బయట ఆపింది తలుపు కాదు, ఇంకొకరి ఇంట్లోకి వెళ్లకూడదన్న మాట లేని ఒప్పందం. రద్దీ రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా అలాంటి ఒప్పందమే ఉంటుంది. పక్కన నడిచే అపరిచితుడి వేగానికి మన వేగం కలిస్తే ఇబ్బందిగా అనిపించి, మనం కాస్త ముందుకో వెనక్కో జరుగుతాం. ఈ రెండు గీతల్నీ కావాలని దాటే మనుషులు ఎలా ఉంటారు? సినిమా మొత్తం ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. వీధులు, ఫ్లాట్లు, ఓ కేఫ్, ఓ క్లబ్. కథకు కావాల్సిన చోట్లు దాదాపు ఇంతే. దొంగలు దూరే ఇళ్లు మామూలు మనుషుల ఇళ్లే కాబట్టి సెట్ వేయాల్సిన పని లేదు, స్నేహితుల ఇళ్లు, తల్లిదండ్రుల ఇల్లు సరిపోయాయి. కథ రాసుకుని లొకేషన్లు వెతకడం వేరు, చేతిలో ఉన్న చోట్లలో జరిగే కథ రాయడం వేరు. నోలన్ చేసింది రెండోది.

అందుకే కొత్త దర్శకులు క్రైమ్ వైపు ఎక్కువగా వెళ్తారేమో అనిపిస్తుంది. కోయెన్ బ్రదర్స్ తొలి సినిమా ‘బ్లడ్ సింపుల్’ (1984), టరంటీనో ‘రిజర్వాయర్ డాగ్స్’ (1992).. రెండూ క్రైమ్ కథలే. మన రామ్ గోపాల్ వర్మ ‘శివ’ (1989) కూడా క్రైమే, కాకపోతే అది నాగార్జున లాంటి హీరోతో తీసిన సినిమా, ఆ లెక్క వేరు. నేరానికి రెండు గదులు, ముగ్గురు మనుషులు, ఓ అబద్ధం చాలు. ప్రేమకథకు పాటలు అడుగుతారు, ఫ్యామిలీ సినిమాకు పెద్ద తారాగణం అడుగుతారు, క్రైమ్ థ్రిల్లర్‌ని మాత్రం ‘తర్వాత ఏమైంది’ అని తప్ప ఇంకేమీ అడగరు.

ఏడాది పాటు శనివారాలు

నటీనటులు, టెక్నీషియన్లు అంతా స్నేహితులే. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరి పని వాళ్లది. కాబట్టి షూటింగ్ శనివారాల్లోనే. ఒక్కో రోజు పది పదిహేను నిమిషాల ఫుటేజీ. ఇలా దాదాపు ఏడాది పట్టింది.

ఎందుకంత తక్కువ? అది డిజిటల్ కెమెరా కాదు, కార్డ్ నిండితే డిలీట్ చేసి మళ్లీ తీయడానికి. 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్ నెగటివ్. 400 అడుగుల రోల్ ఒకటి కెమెరాలో వేస్తే నడిచేది సుమారు 11 నిమిషాలు. ఒక నిమిషం షాట్‌కు పది టేకులు తీసుకుంటే రోల్ దాదాపు ఖాళీ. ఆ రోల్ కొనాలి, ల్యాబ్‌లో కడిగించాలి. 6 వేల డాలర్లలో ఎక్కువ భాగం పోయింది ఈ ఫిల్మ్‌కే. ఆ డబ్బు నోలన్ తన సంపాదనలోంచి పెట్టుకున్నారు. అంటే జీతం వచ్చినప్పుడు నాలుగు రోల్స్ కొనుక్కుని, శనివారం షూట్ చేసుకునే పద్ధతి అన్నమాట.

ఫిల్మ్ వృథా కాకూడదంటే ఒకటే దారి, రిహార్సల్స్. కెమెరా ఆన్ చేయడానికి ముందే సీన్లన్నీ నాటకంలా ప్రాక్టీస్ చేశారు. సెట్‌లోకి వచ్చేసరికి ఎవరికీ డైలాగ్ తడబడకూడదు. మొదటి టేక్ లేదా రెండో టేక్ ఓకే అయిపోవాలి. సినిమాలో కాబ్, కుర్రాడు మాట్లాడుకునే సీన్లు చూస్తే ఈ కష్టం కనిపిస్తుంది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట సరిగ్గా వచ్చి పడుతుంది. కొన్నిచోట్ల నాటకం వాసన తగులుతుందన్న మాట కూడా నిజమే. ముఖ్యంగా కాబ్ లెక్చర్లు.

లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత లేదు. కాబట్టి దొరికిన వెలుతురుతోనే, చాలావరకు చేతిలో పట్టుకున్న కెమెరాతో తీశారు. కెమెరామన్ కూడా నోలనే. బ్లాక్ అండ్ వైట్ ఎంచుకోవడం ఇక్కడ కలిసొచ్చింది. కలర్‌లో అయితే కిటికీ వెలుతురు ఒక రంగు, బల్బు వెలుతురు ఇంకో రంగు పడి, ఇంటి గోడల రంగులు ఒకదానికొకటి కుదరక, ‘ఇది హోమ్ వీడియో’ అని వెంటనే తెలిసిపోతుంది. నలుపు తెలుపులో ఆ తేడాలు కలిసిపోతాయి. పైగా 1940ల హాలీవుడ్ నోయిర్ సినిమాల రూపు దానంతట అదే వచ్చేస్తుంది. ఆ పాత సినిమాల్లో కూడా చాలావాటిది చిన్న బడ్జెట్టే. చీకటి ఎంత ఎక్కువ ఉంటే సెట్ అంత తక్కువ కట్టాలి.

ఏడాది పాటు విడివిడిగా తీయడంలో ఇంకో తలనొప్పి ఉంటుంది. కంటిన్యుటీ. మార్చిలో తలుపు తెరిచిన మనిషి జూన్‌లో లోపలికి అడుగు పెట్టినట్టు ఉంటుంది. అదే జుట్టు, అదే చొక్కా ఉండాలి. మధ్యలో ఎవరికైనా వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే సినిమా అక్కడితో ఆగిపోయినట్టే. చాలా ఇండిపెండెంట్ సినిమాలు సగంలో ఆగేది డబ్బు అయిపోయి కాదు, మనుషులు జారిపోయి. నోలన్ కూడా అంతకు ముందు ఓ ఫీచర్ ఫిల్మ్ మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయారు.

కథను ముక్కలు చేసింది ఎందుకు?

‘ఫాలోయింగ్’ గురించి మాట్లాడుకునేటప్పుడు బడ్జెట్ తర్వాత వచ్చే రెండో మాట స్క్రీన్‌ప్లే. కథ వరుసగా నడవదు. మూడు కాలాల్లో జరిగేది కలిపి పేకముక్కల్లా కలిపేశారు. ఇప్పుడు ఓ సీన్, వెంటనే కొన్ని రోజుల తర్వాతి సీన్, మళ్లీ వెనక్కి.

స్క్రీన్ మీద ‘మూడు రోజుల క్రితం’ లాంటి కార్డులు పడవు. మరి ఏ సీన్ ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? కుర్రాడి మొహం చూస్తే తెలుస్తుంది. మాసిన బట్టలు, చెదిరిన జుట్టుతో ఉంటే కథ మొదట్లో ఉన్నాం. జుట్టు కత్తిరించి సూట్ వేసుకుంటే మధ్యలో. మొహం మీద దెబ్బలుంటే చివరికి దగ్గర్లో. ఓ హెయిర్‌కట్, ఓ సూట్, కాస్త మేకప్‌తో మూడు టైమ్‌లైన్లు నిలబెట్టారు. ఖర్చు లేని చిట్కాల్లో ఇంతకన్నా తెలివైనది ఈ సినిమాలో ఇంకోటి లేదు.

ఇంకో ప్రయోజనం ఏంటంటే, దెబ్బలు తిన్న మొహం సినిమా మొదట్లోనే చూపించేస్తారు. కాబట్టి తర్వాత కాబ్, కుర్రాడు కేఫ్‌లో కూర్చుని సరదాగా మాట్లాడుకుంటున్నా మనకు టెన్షన్ తగ్గదు. వీడిని కొట్టేది ఎవరు? ఎందుకు? ఛేజ్ లేదు, పేలుడు లేదు, బ్యాక్‌గ్రౌండ్‌లో డేవిడ్ జూల్యాన్ ఇచ్చిన సన్నటి సంగీతం తప్ప హంగామా లేదు. సీన్ల వరుసే సస్పెన్స్ పుట్టిస్తుంది.

ఇది గిమ్మిక్ కదా అనే వాదన కూడా ఉంది. ఆ అనుమానానికి జవాబు కథలోనే ఉంది. ఈ కథలో ప్రతి ఒక్కరూ ఇంకొకరికి సగం నిజమే చెబుతారు. కుర్రాడు సగమే చూసి మొత్తం అర్థమైందనుకుంటాడు. చూసేవాళ్లు కూడా అదే పొరపాటు చేయాలంటే వాళ్లకూ సగం సగమే ఇవ్వాలి. ప్రతి కొత్త సీన్‌తో పాత సీన్ అర్థం మారాలి. నిజానికి న్యూస్‌లో రోజూ జరిగేది ఇదే. ముందు ‘ఫలానా చోట హత్య’ అని బ్రేకింగ్ పడుతుంది. సాయంత్రానికి నిందితుడి పేరు. మర్నాటికి రెండేళ్ల కిందటి గొడవ బయటికొస్తుంది. వారం తర్వాత అసలు కథ వేరే అని తేలుతుంది. నేరం కథ మనకు వరుసలో ఎప్పుడూ రాదు.

ఇక ఆ అంకె సంగతి

6 వేల డాలర్లు అన్నది కెమెరాలో ఫిల్మ్ నడిపి, సినిమాను ఓ రూపానికి తెచ్చేదాకా అయిన ఖర్చు. అందులో నటుల పారితోషికం లేదు. దర్శకుడు, కెమెరామన్, రచయిత, ఎడిటర్లలో ఒకరు.. అన్నీ నోలనే కాబట్టి ఆ జీతాలు లేవు. ఇంకో ఎడిటర్ గారెత్ హీల్. నిర్మాతలుగా ఎమ్మా, నోలన్‌తో పాటు హీరో థియోబాల్డ్ పేరే ఉంటుంది. ఇళ్లకు అద్దె లేదు. ఏడాది శనివారాలకు ఎవరూ బిల్లు వేయలేదు.

అంటే సినిమా చవగ్గా అయిపోలేదు. ఖర్చంతా డబ్బు రూపంలో కాకుండా మనుషుల టైమ్ రూపంలో అయింది. ఈ తేడా పట్టించుకోకుండా ‘తక్కువలో తీసేద్దాం’ అని దిగితే దెబ్బ తగిలేది స్నేహాలకే. ఫ్రెండే కదా అని ఫ్రీగా పిలిచి, పదో వారానికి ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకునే టీమ్‌లు ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఎన్ని లేవు! నోలన్ టీమ్ వారానికి ఒక్క రోజే అడిగింది, ఎవరి ఉద్యోగం వాళ్లని చేసుకోనిచ్చింది. ఏడాది నిలవడానికి అదో పెద్ద కారణం.

రెండో విషయం. సినిమా పూర్తయ్యాక థియేటర్‌లో వేయడానికి మళ్లీ డబ్బు కావాలి. 16 ఎంఎం సినిమాను 35 ఎంఎంకు బ్లో-అప్ చేయాలి, ప్రింట్ తీయాలి. ఆ రోజుల్లో అది షూటింగ్ ఖర్చును మించిపోయే పని. బ్రిటన్‌లో నిధుల కోసం తిరిగిన నోలన్‌కు అక్కడ చేయూత దొరకలేదు. చివరికి అమెరికాకు చెందిన నెక్స్ట్ వేవ్ ఫిల్మ్స్ అనే సంస్థ ఫినిషింగ్ ఫండ్స్ ఇచ్చింది. చిన్న బడ్జెట్ సినిమాలను పూర్తి చేయించడమే దాని పని. ఆ డబ్బు 6 వేల లెక్కలో కనిపించదు. ఇప్పుడు ఫోన్‌తో తీసినా ఇదే వరస. షూట్ అయిపోతుంది. డబ్బింగ్, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, సెన్సార్ దగ్గర ఆగిపోతుంది.

పండుగ నుంచి పండుగకు

1998 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్మ్ ఫెస్టివల్‌లో తొలి షో పడింది. అదే ఏడాది టొరంటోలో కూడా వేశారు. 1999లో స్లామ్‌డాన్స్‌లో అవార్డు, రాటర్‌డామ్‌లో కొత్త దర్శకులకిచ్చే టైగర్ అవార్డు వచ్చాయి. ఆ ఏప్రిల్‌లో జైట్‌గైస్ట్ ఫిల్మ్స్ అమెరికాలో రిలీజ్ చేసింది. అక్కడ థియేటర్ వసూళ్లు 50 వేల డాలర్లు కూడా దాటలేదు. బాక్సాఫీస్ భాషలో చెప్పాలంటే ఎవరికీ తెలియకుండా వచ్చి వెళ్లిన సినిమా.

కానీ చూడాల్సిన వాళ్లు చూశారు. నోలన్ చేతిలో అప్పటికే ఇంకో స్క్రిప్ట్ ఉంది. తమ్ముడు జోనథన్ చెప్పిన కథ ఆధారంగా రాసుకున్నది, ఇంకా తలకిందులుగా నడిచేది. వెనక నుంచి ముందుకు సాగే ఆ కథను ఓ కొత్త దర్శకుడు చెబితే ఏ నిర్మాత అయినా తల గోక్కుంటాడు. ముక్కలు చేసిన కథను జనానికి అర్థమయ్యేలా తీయగలడని చూపించడానికి ‘ఫాలోయింగ్’ రెడీగా ఉంది. దీనికి కొన్ని వందల రెట్ల బడ్జెట్‌తో ఆ స్క్రిప్ట్ సినిమా అయింది. అదే ‘మెమెంటో’ (2000). మన ప్రేక్షకులకు ఆ పాయింట్ వేరే రూపంలో బాగా తెలుసు. ఒంటి నిండా పచ్చబొట్లు, చేతిలో ఫొటోలతో మతిమరుపు హీరో. మురుగదాస్ ‘గజిని’ (2005)కి ప్రేరణ మెమెంటోనే. తమిళంలో తీసిన ఆ సినిమా తెలుగు డబ్బింగ్‌లోనూ సూర్యకు ఇక్కడ పెద్ద మార్కెట్ తెచ్చిపెట్టింది.

ఫ్యాన్స్ ఎక్కువగా షేర్ చేసే ముచ్చట ఇంకోటి ఉంది. ‘ఫాలోయింగ్’లో కుర్రాడి ఫ్లాట్ తలుపు మీద బ్యాట్‌మ్యాన్ లోగో కనిపిస్తుంది. ఏడేళ్ల తర్వాత, 2005లో నోలన్ ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ తీశారు. కావాలని పెట్టిందేం కాకపోవచ్చు, కానీ స్క్రీన్‌షాట్ తీసుకోకుండా ఉండలేం. ఆ సినిమాలో థియోబాల్డ్, లూసీ రస్సెల్, జాన్ నోలన్ ముగ్గురూ చిన్న పాత్రల్లో కనిపిస్తారు. కాబ్ అనే పేరు కూడా ఊరికే పోలేదు. 2010లో ‘ఇన్‌సెప్షన్’లో డికాప్రియో పాత్రకు అదే పేరు పెట్టారు. అక్కడ ఆయన దూరేది ఇళ్లలోకి కాదు, కలల్లోకి. జూల్యాన్ సంగీతం ‘మెమెంటో’, ‘ఇన్‌సోమ్నియా’, ‘ది ప్రెస్టీజ్’ వరకూ కొనసాగింది. ఒరిజినల్ కాబ్ అలెక్స్ హా మాత్రం నటన వదిలేసి ఆర్కిటెక్ట్ అయ్యారు.

ఎలా చూడాలి?

2012లో క్రైటీరియన్ కలెక్షన్ ఈ సినిమాను రీస్టోర్ చేసి బ్లూ-రే తెచ్చింది. అందులో నోలన్ తీసిన మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ ‘డూడుల్‌బగ్’ కూడా ఉంది. అందులోనూ నటుడు థియోబాల్డే. ఇంకా ఆసక్తికరమైనది, ‘ఫాలోయింగ్’ కథను మొదటి నుంచి చివరి వరకు వరుసగా పేర్చిన ప్రత్యేక వెర్షన్. అవే సీన్లు, అవే డైలాగులు. వరుస మార్చేసరికి థ్రిల్ ఎక్కడెక్కడ తగ్గిపోయిందో స్పష్టంగా తెలుస్తుంది. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. కాకపోతే ముందు ఒరిజినల్ చూడండి, వరుస వెర్షన్ ఆ తర్వాతే. ఫోన్‌లో చూస్తే బ్రైట్‌నెస్ కాస్త పెంచుకోండి, సగం సినిమా చీకట్లోనే ఉంటుంది.